చెయ్యెత్తితే చూసేవాళ్ళు

సాంచాల కార్ఖానాలో ఎవరూ అరవరు. మా సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే అక్కడ నోరు చేసుకోవడం చెవిటివాడి ముందు శంఖమూదడమే. అందుకని పనివాళ్ళు పెదవులతో మాట్లాడుకుంటారు. ఎవరినైనా పిలవాలంటే చెయ్యెత్తి నిలబడతారు. ఒక్కొక్కరు ఎనిమిదేసి సాంచాలు చూసుకోవాలి కాబట్టి వాళ్ళ కళ్ళు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ఎత్తిన చెయ్యి ఎవరో ఒకరి కంట పడకుండా పోదు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. మీసం మెలేస్తే సాంచాల ఆసామి వస్తున్నాడని. మిగతా కష్టసుఖాలన్నీ పెదవులే చెబుతాయి.

మా ఇల్లు ఆ కార్ఖానా గోడకు ఆనుకుని ఉంటుంది. నేను 'అమ్మ' అనడం కన్నా ముందే చెయ్యెత్తడం నేర్చానని మా నాయినమ్మ శంకరవ్వ కనపడ్డవాళ్ళకల్లా చెబుతుంది. ఆమె చెప్పేవాటిలో సగం తీసేయాలి గానీ ఇది మాత్రం నిజమే అయి ఉంటుంది. మా బాపు జలపతి అక్కడ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇంటికి వచ్చాక కూడా ఆయన గొంతు వినపడేది తక్కువ. నేను చెప్పేది చెవులతో వినడు, నా మొహం చూసి తెలుసుకుంటాడు. రాత్రిపూట కరెంటు పోతే మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను హాకీ ఆడతాను. నా పేరు స్వర్ణలత. మా క్లాసులో ఈ పేరు ఇంకెవరికీ లేదు, వాళ్ళ మేనత్తలకుంది. తంగళ్ళపల్లిలోని మా బడిలో చందు సార్ అనే పీఈటీ ఒకాయన నాకు పదేళ్ళప్పుడు హాకీ కర్ర చేతికిచ్చి, ఆరేళ్ళుగా మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడిస్తున్నాడు. మొన్న డిసెంబరులో ఆయనే ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. హైదరాబాదులోని ఒక ప్రొఫెషనల్ జట్టువాళ్ళు మా దిక్కు ఆడపిల్లల కోసం కోరుట్లలో పది రోజుల క్యాంపు పెడుతున్నారు. ముప్పై ఆరు మందిని పిలిచి, చివరికి ఎనిమిది మందిని తీసుకుంటారు. ఆ ఎనిమిది మందినీ రెండేళ్ళు తమ హాస్టల్లో ఉంచి, చదివిస్తూ ఆడిస్తారు. ముప్పై ఆరు పేర్లలో నా పేరుంది.

బాపు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పోయిరా బిడ్డా" అన్నాడు. పెదవులతోనే అన్నాడు. చందు సార్‌కు వినపడక, "ఏమంటున్నడు?" అని నన్నడిగాడు.

క్యాంపు మొదటి రోజే మా ఒంటికి బిగుతు బనీన్లు తొడిగారు. వీపు మీద అగ్గిపెట్టెంత మిషన్ ఉంటుంది. నేనెంత దూరం పరిగెత్తానో, ఎప్పుడు జోరందుకున్నానో, ఎక్కడ చతికిలబడ్డానో అన్నీ అది రాసుకుంటుంది. బడి హాజరు పట్టీ తప్ప నా గురించి అంతకు ముందు ఎవరూ ఏమీ రాసుకోలేదు. సాయంత్రం అంకెలు గోడకు అంటించారు. పరుగులో నాది మూడో స్థానం. ఆ కాగితం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

గ్రౌండు మూలన నీలం రంగు ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి పరిచారు, టర్ఫ్ అంటారు దాన్ని. నాలుగు సాంచాలు పట్టేంత ఉంటుందేమో. దాన్ని నీళ్ళతో తడిపి, ఒక్కొక్కరినీ ఇరవై నిమిషాలు దాని మీద ఆడనిచ్చేవాళ్ళు. మా మట్టి మీద బంతి అలిగిన కోడలిలా ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. ఇక్కడ చెప్పిన మాట విని, చెప్పిన చోటికి వెళ్ళి ఆగింది. నా వంతు అయిపోయాక ఒక పక్కకు పోయి బూటు విప్పి, ఆ తడి మీద పాదం ఆనించాను. చల్లగా ఉంది. ఆ హాస్టల్లో ఇలాంటి గ్రౌండు పూర్తిగా ఉంటుందట, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. నాకది కావాలి అనిపించింది. అంతకు ముందు నేను దేన్నీ అంతగా కోరుకోలేదు. కోరుకోవడం ఒంట్లో ఇంత నొప్పిగా ఉంటుందని కూడా తెలియదు.

మూడో రోజు ఆ కోరిక నెత్తిన పిడుగు పడింది. మ్యాచ్ ఆడుతున్నాం. మా జట్టులో కోరుట్ల పిల్ల నాజియా ఉంది. నాకన్నా బెత్తెడు పొడుగు, నోరు మాత్రం రెండు బెత్తెలు ఎక్కువ. మా ఇద్దరి మధ్యకు బంతి వచ్చింది. అది నాది. నాదేనని చెయ్యెత్తాను, పెదవులతో కూడా చెప్పాను, చెప్పి దూకాను. అటు నుంచి నాజియా కూడా దూకింది. ఇద్దరం పొట్టేళ్ళలా ఢీకొన్నాం. లేచి చూస్తే ఆమె పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"ఏం పిల్లవే నువ్వు! నాది అని ఒర్రరాదా?" అంది నాజియా.

"చెయ్యెత్తిన గదా."

"చెయ్యెత్తితె ఎవలు జూస్తరే? నా కండ్లు బంతి మీదుంటయా, నీ చెయ్యి మీదుంటయా?"

కోచ్ హేమలత మేడమ్ పరుగున వచ్చింది. సికింద్రాబాద్ ఆమె. ఒకప్పుడు పెద్ద ఆటగత్తె. ముందు నాజియా పెదవి చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"నోట్లో నాలుక లేదా నీకు?"

"ఉంది మేడమ్."

"మరి ఎప్పుడు తీస్తవ్ దాన్ని?"

పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు మ్యూట్ బటన్.

సాయంత్రం మేడమ్ నన్నొక్కదాన్నే పిలిచి, మ్యాచ్ వీడియో టాబ్‌లో చూపించింది. ఆడుతున్న నన్ను నేను చూడడం అదే మొదటిసారి. మొదట సిగ్గేసింది, తర్వాత గర్వంగా అనిపించింది. ఆ తెర మీద పరిగెత్తుతున్న పిల్ల ఎవరో గానీ, బంతి ఎక్కడికి రాబోతోందో ముందే తెలిసినట్టు వెళ్ళి నిలబడుతోంది. కానీ నిలబడి ఏం చేస్తోంది? చెయ్యెత్తుతోంది. పెదవులు కదుపుతోంది. ఎవరూ చూడరు. చెయ్యి దించి ఇంకో చోటికి పరిగెత్తి మళ్ళీ చెయ్యెత్తుతుంది. ఎవరూ చూడరు. ఆ పిల్లను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ముప్పై ఒక్కసారి ఖాళీగ ఉన్నవ్ నువ్వు. బంతి వచ్చింది నాలుగుసార్లు," అంది మేడమ్. "నీ తోటి పిల్లలు చెడ్డోళ్ళు కాదు స్వర్ణా. నువ్వు అక్కడున్నవని వాళ్ళకు తెల్వదు. అడగనిది అమ్మైనా పెట్టదంటరు. మైదానంల చెల్లెలైనా పెట్టదు."

"నేను పిలిచిన అనుకున్న మేడమ్."

ఆమె టాబ్ మూసేసింది. "రేపటి నుంచి పొద్దున్నే అరవాలి. ఆట తర్వాత చూద్దాం," అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే నేనొక గోల్‌పోస్టు దగ్గర, మేడమ్ ఇంకో గోల్‌పోస్టు దగ్గర. నేను 'నాది' అని అరవాలి. వినపడితే ఆమె జెండా ఊపుతుంది. ఇరవైసార్లు అరిచాను. జెండా కదలలేదు. నా గొంతు సగం దూరం పోయి, అక్కడ కూలబడుతోంది. పైగా అరిచినప్పుడల్లా ఏదో తప్పు చేస్తున్నట్టుంది. మా ఇంట్లో గొంతు పెంచామంటే ఎవరో పోయారన్నట్టే.

ఆదివారం మధ్యాహ్నం సెలవిచ్చారు. నాజియా నన్ను వాళ్ళింటికి లాక్కుపోయింది. చిట్లిన పెదవి పగ ఆమెకు ఒక్క రోజు కూడా నిలవలేదు. వాళ్ళ నాన్న ఇక్బాల్ ఆటో ట్రాలీలో కూరగాయలు అమ్ముతాడు. ఆటో మైకులో వచ్చే "టమాటా, బెండకాయ, ఆకుకూర" రికార్డింగు నాజియా గొంతేనట, పన్నెండేళ్ళప్పుడు ఇచ్చింది. అంటే కోరుట్ల గల్లీలన్నీ నాలుగేళ్ళుగా ఈమె అరుపుకే సంచులు పట్టుకుని బయటికొస్తున్నాయి. అలాంటి దానికీ నాకూ పోటీ పెట్టాడు దేవుడు.

వాళ్ళమ్మ జోహరా బీ పళ్ళెం నిండా వడ్డించింది. "ముందుగాల తిను బేటా. ఖాళీ కడుపుల నుంచి ఆవాజ్ ఎట్లొస్తది?" అంది. తిన్నాక డాబా ఎక్కాం.

"గా ఆఖరి ఇంటిదాక పోవాలె నీ గొంతు. ఒర్రు," అంది నాజియా.

"నాది."

"ఎవలికి చెప్తున్నవే, చీమకా? కోపం తెచ్చుకో. మీ నాయిన సాంచల కాడ కోపమొస్తె ఎట్ల ఒర్రుతడో యాది చేస్కో."

"మా బాపు ఒర్రడు. కోపమొస్తే పెదవులు బిగబడతడు."

నాజియా నుదురు కొట్టుకుంది. ఇంతలో పిట్టగోడ మీద చప్పుడైంది. తిరిగి చూస్తే, ఎండకు పెట్టిన నా బూట్లలో ఒకటి కోతి చేతిలో ఉంది. ఆ బూట్లు క్యాంపువాళ్ళిచ్చినవి, నా కాలి కొలత తీసుకుని మరీ తెప్పించినవి. కోతి దాన్ని వాసన చూసి, చంకన పెట్టుకుని, పక్క డాబా మీదికి చూసింది.

"నాదీ!"

అది నా గొంతేనని నాకు వెంటనే తెలియలేదు. కోతి బూటు వదిలేసి పారిపోయింది. పక్కింటి ఆయన బయటికొచ్చి ఏమైందని అడిగాడు. నాజియా డాబా మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "గట్లనే! గదే గొంతు! మ్యాచ్‌ల అందర్ని కోతులనుకో!"

మర్నాడు పొద్దున మేడమ్ జెండా ఊపింది. ఆ మధ్యాహ్నం ఆటలో ఖాళీగా నిలబడి 'నాది' అని అరిచాను, బంతి వచ్చింది. ఎంత సులువో! అరిస్తే వస్తుంది! ఆరేళ్ళుగా నేను చెయ్యెత్తి ఎదురుచూసిన బంతులన్నీ గుర్తొచ్చి, వాటి మీద బెంగ పుట్టింది. ఎనిమిదో రోజు మేడమ్ తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ నా వైపు చూసి తల ఊపింది. అప్పటి నుంచి నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. ఏ బట్టలు తీసుకెళ్ళాలి, నాయినమ్మకు రోజూ ఫోన్ చేయడం ఎలా, టర్ఫ్ మీద మొదటి రోజు ఏ కాలు ముందు పెట్టాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా వ్యవహారం. తెలుసు, అయినా ఆపుకోలేకపోయాను.

పదో రోజు ఆఖరి మ్యాచ్ జగిత్యాలలో. మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళారు. దిగగానే మేడమ్ చెప్పింది: "ఆట మీ అందరికీ వచ్చు. ఇయ్యాల మీరు ఒకరితో ఒకరు ఎట్ల మాట్లాడుకుంటరో చూస్త. ఏడుగురి పేర్లు రాసిన. ఎనిమిదో పేరు ఇక్కడ రాస్త."

ఆ ఎనిమిదో పేరు నాది కావచ్చునని, ఆ మాట అంటూ ఆమె నన్ను చూసిన చూపులోనే అర్థమైంది. ఆట మొదటి సగం నేను గొంతు చించుకున్నాను. 'నాది', 'వెనక', 'ఎడమ దిక్కు'. నా అరుపులకు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల కూర్చున్న బడిపిల్లలు చెవులు మూసుకుని ఆట పట్టించారు. ఒక గోలు మా వాళ్ళు కొట్టారు, ఒకటి అవతలి జట్టు కొట్టింది. సగం అయ్యేసరికి మేడమ్ నా దగ్గరకొచ్చి, "ఇట్లనే ఉండు," అని మాత్రం అంది.

రెండో సగం మొదలవబోతుండగా తాడు పక్కన బాపు కనపడ్డాడు.

ఆయన నా ఆట ఎన్నడూ చూడలేదు. సాంచాలు విడిచి వచ్చే మనిషి కాదు. ఆ రోజు సగం డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, రెండు బస్సులు మారి వచ్చాడు. చొక్కా మీద నూలు దుమ్ము అలాగే ఉంది. మైదానం అవతలి అంచున నిలబడి చెయ్యెత్తాడు. వెంటనే చూశాను. చూడకుండా ఎలా ఉంటాను?

'తిన్నవా?' అన్నాయి ఆయన పెదవులు.

'తిన్న,' అన్నాను నేను.

'భయపడకు.'

'లేదు బాపూ.'

అంతమంది గోలలో, అంత దూరం నుంచి, మేమిద్దరం మా ఇంటి వంటగదిలో ఉన్నట్టు మాట్లాడుకున్నాం. నా గుండె నిండిపోయింది. విజిల్ మోగింది.

రెండో సగం నా జీవితంలో నేను ఆడిన అన్ని ఆటల కన్నా బాగా ఆడాను. అలాగే అనుకున్నాను అప్పుడు. బాపు చూస్తున్నాడన్న సంగతి కాళ్ళల్లోకి పాకింది. ప్రతి బంతికీ ముందే వెళ్ళాను, ప్రతిసారీ పిలిచాను. బంతి మాత్రం తక్కువ వస్తోంది. మా వాళ్ళు అలిసిపోయారేమో అనుకున్నాను. ఆఖరి నిమిషంలో కుడి వైపు నుంచి నాజియా బంతితో దూసుకెళ్ళింది. ఇద్దరు ఆమె మీద పడ్డారు. ఎడమ వైపు గోలు ముందు నేనొక్కదాన్నే, నా పక్కన పురుగు కూడా లేదు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచాను. నాజియా తల ఎత్తలేదు. తనే కొట్టింది. బంతి గోల్‌కీపర్ కాళ్ళకు తగిలి బయటికి పోయింది. ఆట ముగిసింది.

నేను మండిపడుతూ ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఎందుకియ్యలేదే నాకు? కండ్లు నెత్తికెక్కినయా? మూడుసార్లు ఒర్రిన!"

నాజియా వింతగా చూసింది. "నువ్వు ఒర్రలేదు స్వర్ణా."

"ఒర్రిన!"

"ఒట్టు. సెకండ్ హాఫ్ మొత్తం నీ గొంతే లేదు. దెబ్బ తాకిందేమో అనుకున్న."

నేను నమ్మలేదు. మేడమ్ దగ్గరికి వెళ్ళి వీడియో చూపించమన్నాను. ఆమె టాబ్ తీసి చూపించింది. మొదటి సగంలో నా అరుపులు టాబ్ స్పీకరు పగిలేలా ఉన్నాయి. రెండో సగంలో ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. చెయ్యెత్తుతోంది, పెదవులు కదుపుతోంది, చెయ్యి దించుతోంది. గోలు ముందు ఒంటరిగా నిలబడి మూడుసార్లు చెయ్యెత్తింది. చప్పుడు లేదు. బాపుతో రెండు మాటలు మాట్లాడాక నా నోరు ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళినట్టు నాకు కూడా చెప్పలేదు.

పేర్లు చదివారు. నాజియా పేరు మూడోది. ఎనిమిదో పేరు రాయికల్ పిల్లది. బాగానే ఆడుతుంది, ఆమె మీద నాకు కోపమేమీ లేదు. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చే డిసెంబరులో మళ్ళీ క్యాంపు ఉంటుందని, నాకు వయసు దాటదని చెప్పింది. బనీను విప్పి ఇచ్చేయమన్నారు. విప్పుతుంటే వీపు మీద ఆ మిషన్ ఉన్న చోట ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. నాజియా నన్ను కరుచుకుని నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

బాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు. సంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. సిరిసిల్ల బస్సు ఎక్కి కూర్చున్నాక, పాత ఇంజను రొదలో, నా వైపు తిరిగి పెదవులతో మొదలుపెట్టాడు.

'గా పొడుగు పిల్లకు కండ్లు లేవా?'

నేను కిటికీ వైపు తిరగబోతే మోచెయ్యి తట్టి మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

'మూడుసార్లు పిలిచినవ్. నేను గంత దూరం నుంచి చూసిన. అంత మంచిగ పిలిచినవ్. దగ్గరున్నోళ్ళు ఒక్కలన్న చూడరా? గిదేం ఆట బిడ్డా?'

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఇరవై రెండేళ్ళలో ఆయన చెయ్యెత్తితే చూడనివాళ్ళు లేరు. మనుషులు చూడకుండా ఉంటారన్నది ఆయనకు తెలియదు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నువ్వు రాకుంటే బాగుండేదని అనబోయాను. నువ్వు వచ్చి తిన్నవా అని అడగకపోతే ఆ ఎనిమిదో పేరు నాదని అనబోయాను. ఆ మాటలు పళ్ళ దాకా వచ్చాయి. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు, కదిలితే చదివేస్తాడు. గట్టిగా మూసుకున్నాను.

'అవు బాపూ. కండ్లు లేవు,' అన్నాను చివరికి.

ఆయన తృప్తిగా తల ఊపాడు. వేములవాడ దాటాక నేను ఆగలేకపోయాను. నాకు ఆ హాస్టల్ కావాలి. ఆ నీలం గ్రౌండు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కావాలి. నా పేరు ఎవరో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వచ్చే డిసెంబరు దాకా నన్ను మళ్ళీ మా ఇంటి నాలుగు గోడల మధ్య ఈ చప్పుడు లేని నోరు మింగేస్తుందని భయమేసింది.

"బాపూ!" అని అరిచాను. "వచ్చే ఏడు మళ్ల పోత! నేను మళ్ల పోత!"

బస్సులోవాళ్ళంతా వెనక్కి తిరిగారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి చూశాడు. బాపు ఉలిక్కిపడ్డాడు. చుట్టూ ఒకసారి చూసి, నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"గంత గట్టిగెందుకు బిడ్డా," అన్నాడు, చాలా రోజుల తర్వాత గొంతుతో. "నేను నిన్నే చూస్తున్న గదా."